సగటు చూసి గ్లవ్స్ ఇవ్వండి!

మీ అబ్బాయికి వికెట్ల వెనక కూర్చునే సరదా పుట్టిందా? ఆలస్యం చేయకండి. ఆ గ్లవ్స్ లాక్కుని అటక మీద పారేయండి. చేతికి బ్యాటిచ్చి పొద్దున్నా సాయంత్రం బాదించండి. వాడు రంజీ జట్టు గుమ్మం దాకా వెళ్లాక, అప్పుడు గ్లవ్స్ దించి, దుమ్ము దులిపి, "నాన్నా, ఇవి కూడా తొడుక్కో, ఒక చోటు ఖాళీ ఉందట" అని చెప్పండి. భారత జట్టుకి వికెట్‌కీపర్ కావడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. అలా కాదు, చిన్నప్పటి నుంచీ ఒళ్లు వంచి కీపింగే నేర్పిస్తానంటారా? మీ ఇష్టం. ఆ దారిన వెళ్లినవాడి గతేమిటో విశాఖపట్నంలో ఎవరినడిగినా చెబుతారు.

అసలు ఈ ఉద్యోగం ఏమిటో ఒకసారి చూడండి. టెస్టు మ్యాచ్‌లో రోజుకి 90 ఓవర్లు. అంటే 540 సార్లు గొంతుక్కూర్చోవాలి, 540 సార్లు లేవాలి. ప్యాడ్లు కట్టుకుని, ఎండలో. పేసర్ వేస్తుంటే దూరంగా నిలబడాలి, బంతి వచ్చి వేళ్ల చివర్లను పలకరిస్తుంది. స్పిన్నర్ వేస్తుంటే వికెట్లను ఆనుకుని కూర్చోవాలి, ఆ బంతి తిరుగుతుందో, ఎగురుతుందో, నేలబారున పాకుతుందో బ్యాటర్ ఒంటి చాటు నుంచి బయటపడేదాకా తెలియదు. తెలిసే వేళకి చేతులు అక్కడ ఉండాలి. ఓవర్ ముగించిన బౌలర్ బౌండరీ దగ్గరికి వెళ్లి మంచినీళ్లు తాగుతాడు. కీపర్‌కి ప్రతి ఓవరూ తన ఓవరే. బ్యాటర్ కొట్టినా సరే, ఫీల్డర్ విసిరే అడ్డదిడ్డపు త్రోల కోసం వికెట్ల దగ్గరికి పరిగెత్తాల్సింది అతనే. రివ్యూ తీసుకోవాలా వద్దా అని కెప్టెన్ చూసేదీ అతని మొహమే. ఫలిస్తే అది కెప్టెన్ తెలివి. ఫలించకపోతే కీపర్ తొందరపాటు.

ఇంత చాకిరీకి స్కోరుకార్డులో దక్కేది పేరు పక్కన ఒక బుల్లి కత్తి గుర్తు. అవును, కత్తే. కీపరెవరో తెలియడానికి వేస్తారట. బ్యాటర్‌కి పరుగులు, బంతులు, ఫోర్లు, సిక్సర్లు, స్ట్రయిక్ రేటు అని వరసగా గళ్లుంటాయి. బౌలర్‌కి ఓవర్లు, మెయిడెన్లు, వికెట్లు, ఎకానమీ ఉంటాయి. కీపర్ వదిలేసిన క్యాచ్‌కి గడి లేదు. చేజారిన స్టంపింగ్‌కి గడి లేదు. లెగ్‌సైడ్ దూరంగా పోతున్న బంతికి అడ్డంగా పడి మిగిల్చిన నాలుగు పరుగులకీ గడి లేదు. ఆపలేకపోతే మాత్రం ఉంది, బైలు 4 అని.

గడి లేనిదాన్ని పాపం సెలెక్టర్లు ఎలా చూస్తారు? కళ్లున్నాయి కదా అంటారేమో. కళ్లతో చూసింది మీటింగ్‌లో చెబితే దాన్ని అభిప్రాయం అంటారు. సగటు చదివి వినిపిస్తే ఆధారం అంటారు. అందుకని మన పెద్దలు కీపర్‌ని ఎంచాల్సి వచ్చినప్పుడల్లా అతని చేతుల వంక చూడరు, రెండు దశాంశాల దాకా లెక్కగట్టిన బ్యాటింగ్ సగటు తెప్పించుకుంటారు. పెళ్లికి వంటవాణ్ని మాట్లాడటానికి వెళ్లి, సన్నాయి వాయించమని, అపస్వరం పలికిందని పంపించేయడం లాంటిదిది. ఆ పైన సన్నాయి బాగా ఊదేవాణ్ని తెచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెడతారు. పప్పు మాడిన సంగతి విస్తరి ముందు కూర్చున్న బౌలర్‌కి తప్ప ఎవరికీ తెలియదు, అతనేమో మర్యాదస్తుడు, చెప్పడు.

ఈ పాపంలో పెద్ద వాటా ఆడమ్ గిల్‌క్రిస్ట్‌ది. 1999 నవంబరులో బ్రిస్బేన్‌లో, 119 టెస్టులాడిన ఇయాన్ హీలీ స్థానంలో వచ్చాడు. రెండో టెస్టులోనే, హోబర్ట్‌లో, పాకిస్తాన్ పెట్టిన 369 పరుగుల లక్ష్యాన్ని 149 నాటౌట్‌తో దాటించాడు. 96 టెస్టులు, 17 సెంచరీలు, 47.60 సగటు. దాంతో లోకానికి మతి పోయింది. ప్రతి దేశం మాకూ ఒక గిల్‌క్రిస్ట్ కావాలని బయల్దేరింది. ఆయన 416 మందిని వికెట్ల వెనక సాగనంపాడన్న చిన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు లేదు. గిల్‌క్రిస్ట్‌లు దొరకలేదు. దొరక్కపోతే ఏం, బాగా కొట్టేవాడొకడి చేతికి గ్లవ్స్ తొడిగితే సరి! ఇంగ్లండ్ 2023 యాషెస్‌లో బెన్ ఫోక్స్ లాంటి పనిమంతుణ్ని పక్కనబెట్టి, కాలు విరిగి కోలుకున్న బెయిర్‌స్టోని కూర్చోబెట్టింది. ఎడ్జ్‌బాస్టన్‌లో అవకాశాలు చేజారాయి, ఆస్ట్రేలియా రెండు వికెట్ల తేడాతో గెలిచింది. మనమేమీ తక్కువ తినలేదు. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్ కప్పు తెచ్చినప్పుడు హైదరాబాద్ చప్పట్లు కొట్టింది సిక్సర్లకే. స్టంపింగులు ఎన్ని చేశాడని అడిగితే నాతో సహా అందరం ఆకాశం వంక చూస్తాం.

హైదరాబాద్ అంటే పోచయ్య కృష్ణమూర్తి గుర్తొస్తాడు. గుర్తు రావాలి మరి, కానీ ఎంతమందికి వస్తాడో చెప్పలేను. 1971లో వాడేకర్ జట్టు వెస్టిండీస్ వెళ్లి, వాళ్ల గడ్డ మీద తొలిసారి సిరీస్ గెలిచింది. గవాస్కర్ నాలుగు టెస్టుల్లో 774 పరుగులు చేశాడు, అది చిన్నపిల్లలకి కూడా కంఠతా వచ్చు. ఆ పర్యటనకి ఫరూఖ్ ఇంజనీర్ లేకపోవడంతో ఐదు టెస్టుల్లోనూ వికెట్ల వెనక కూర్చున్నది మన కృష్ణమూర్తి. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్, దురానీ. ఒక్కొక్కరిది ఒక్కో రకం మాయ, బ్యాటర్లనే కాదు కీపర్‌నీ బోల్తా కొట్టించే మాయ. ఆ మాయల మధ్య ఐదు టెస్టులు కూర్చుని లేచిన మనిషి మొత్తం పరుగులెన్నో తెలుసా? 33. సగటు 5.50.

ఆ వేసవిలోనే జట్టు ఇంగ్లండ్ వెళ్లింది, ఇంజనీర్ తిరిగొచ్చాడు. కృష్ణమూర్తికి మరో టెస్టు దక్కలేదు. ఇంజనీర్ గొప్పవాడు, అందులో వాదన లేదు. నా వాదన వేరే. ఇవాళైతే 5.50 సగటున్నవాణ్ని విమానం మెట్ల దగ్గరికి కూడా రానివ్వరు. ఓపెనర్ 774 చేస్తుంటే కీపర్ నుంచి ఇంకో నాలుగొందలు ఎందుకు, ఆ స్పిన్నర్ల బంతులు వదలకుండా పట్టేవాడు చాలు కదా అన్న ఆలోచన ఇప్పుడు టీవీ స్టూడియోలో ఎవరైనా పైకి అంటే మైకు కట్ చేస్తారు. చరిత్రాత్మక విజయం అని ప్రతి వార్షికోత్సవానికీ రాసుకుంటాం. ఆ చరిత్రలో నాలుగడుగుల దూరంలో కూర్చుని అన్నీ చూసినవాడి పేరు మాత్రం ఆఖరి పేరాలో, అదీ చోటుంటే.

1999 అక్టోబరు నుంచి 2004 నవంబరు దాకా మన బోర్డు ఒక వింత ప్రయోగం చేసింది. ఐదేళ్లలో ఎనిమిది మంది కొత్త కీపర్లు టెస్టుల్లో అడుగుపెట్టారు. ఎమ్మెస్కే ప్రసాద్, విజయ్ దహియా, సబా కరీం, సమీర్ దిఘే, దీప్ దాస్‌గుప్తా, అజయ్ రాత్రా, పార్థివ్ పటేల్, దినేశ్ కార్తీక్. ఊపిరి తీసుకోండి. రాత్రా ఇరవై ఏళ్ల వయసులో ఆంటిగ్వాలో 115 నాటౌట్ కొట్టాడు. అదే మ్యాచ్‌లో మన పదకొండు మందీ బౌలింగ్ చేశారు, రాత్రాతో సహా. కీపింగ్ చేశాడు, సెంచరీ కొట్టాడు, బౌలింగ్ కూడా చేశాడు. ఇంకేం చేయాలి, స్టేడియం ఊడవాలా? ఆరు టెస్టులకే సెలవిచ్చారు. పార్థివ్‌ని నాటింగ్‌హామ్‌లో దించినప్పుడు అతనికి 17 ఏళ్ల 152 రోజులు. ఇన్ని వేషాలూ నచ్చక, 2003 ప్రపంచకప్‌కి రాహుల్ ద్రవిడ్ చేతికే గ్లవ్స్ తొడిగారు, ఇంకో బ్యాటర్‌కి చోటు కలిసొస్తుందని. ద్రవిడ్ కాదనలేదు. ఆయన దేనికీ కాదనడు కాబట్టే ఈ దేశంలో కీపర్లకి పని పోయింది.

ఆ ఎనిమిది మందిలో మొదటివాడు గుంటూరు ఎమ్మెస్కే. ఆరు టెస్టులు, 106 పరుగులు. పదహారేళ్ల తర్వాత ఆయనే చీఫ్ సెలెక్టర్ అయ్యాడు. ఇంకేముంది, ఆరు టెస్టులాడినవాడు ధోనీ భవిష్యత్తు తేల్చడమా అని అభిమానులు ఫోన్లు అరిగేలా తిట్టారు. ఆయన పట్టిన క్యాచ్‌లెన్నని ఒక్కడూ అడగలేదు, పరుగులే ఏకరువు పెట్టారు. పోనీ, ఆ అవమానం పడ్డ మనిషైనా కీపర్ల గోడు వింటాడనుకున్నాం. 2019 ప్రపంచకప్‌కి అంబటి రాయుడిని కాదని విజయ్ శంకర్‌ని తీసుకుంటూ ఆయన మూడు డైమెన్షన్ల గురించి పాఠం చెప్పాడు. రాయుడు త్రీడీ కళ్లద్దాలు ఆర్డరిచ్చానని ట్వీట్ చేశాడు. ఇక ఆ డైమెన్షన్ల మహిమ మాంచెస్టర్ సెమీఫైనల్లో బయటపడింది. న్యూజిలాండ్ మీద ఆడిన పదకొండు మందిలో ముగ్గురు కీపర్లు, ధోనీ, పంత్, కార్తీక్. జట్టును ఎంచినాయనా కీపరే. కీపర్లకి ఇంతటి స్వర్ణయుగం మళ్లీ రాదు. ఇద్దరు కీపర్లు వట్టి చేతులతో మైదానంలో తిరిగారు, మనం 18 పరుగుల తేడాతో ఓడాం.

ధోనీ సంగతి విడిగా చెప్పాలి. 2004 డిసెంబరులో చిట్టగాంగ్‌లో తొలి బంతికే రనౌట్, సున్నా. 2005 ఏప్రిల్ 5న విశాఖపట్నంలో పాకిస్తాన్ మీద మూడో స్థానంలో పంపితే 123 బంతుల్లో 148. ఆ సాయంత్రం విశాఖలో పుట్టింది ఒక వీరుడు మాత్రమే కాదు, ఒక రోగం కూడా. ధోనీ చేతులు ఎంత వేగంగా కదులుతాయో, బంతిని వెనక్కి లాగకుండానే బెయిల్స్ ఎలా ఎగరగొడతాడో జనం గమనించడానికి చాలా ఏళ్లు పట్టింది. ముందు అందరూ చూసింది జుట్టు, ఆ తర్వాత సిక్సర్లు. అతను వెళ్లిపోయే వయసొచ్చాకగానీ చేతులు కనబడలేదు. కనబడ్డాక ఇక వదల్లేదు. 2019 డిసెంబరులో తిరువనంతపురంలో పంత్ క్యాచ్ వదిలేస్తే స్టేడియం మొత్తం ధోనీ, ధోనీ అని అరిచింది. కోహ్లీ చేతులు ఊపి వారించాల్సి వచ్చింది. కుర్రాణ్ని ఎంచింది సిక్సర్ల కోసం, తిట్టింది క్యాచ్ కోసం. దరఖాస్తు ఒక ఉద్యోగానికి, మెమో ఇంకో ఉద్యోగానికి.

పంత్ మీద నాకు కోపం లేదు. గబ్బాలో 89 నాటౌట్‌తో ఆస్ట్రేలియా కోట కూల్చిన రోజు నేనూ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. అతని కీపింగ్ కూడా ఏళ్ల తరబడి కష్టంతో మెరుగుపడింది. కానీ 2019 నవంబరులో రాజ్‌కోట్‌లో చహల్ బౌలింగ్‌లో ఏం జరిగిందో గుర్తుందా? లిటన్ దాస్ ముందుకొచ్చాడు, బంతి తప్పిపోయాడు, పంత్ బెయిల్స్ ఎగరగొట్టాడు. అంతా సంబరం. రీప్లేలో చూస్తే పంత్ బంతిని వికెట్లు దాటకముందే, వికెట్ల ముందుకు చేతులు చాచి పట్టుకున్నాడు. నిబంధన ప్రకారం అది నోబాల్. వికెట్ పోయింది, ఫ్రీహిట్ వచ్చింది. కీపర్ వికెట్ల వెనక ఉండాలన్నది ఈ ఉద్యోగంలో మొదటి పాఠం, పేరులోనే ఉంది. ఆ పాఠం అంతర్జాతీయ మ్యాచ్‌లో, వేలమంది ముందు, మూడో అంపైర్ సాయంతో నేర్పించాల్సి వచ్చిందంటే తప్పు కుర్రాడిది కాదు, పాఠశాలది. అలాంటి బ్యాటర్‌కి జట్టులో చోటుండాలి, గ్లవ్స్ ఉన్నా లేకపోయినా. ఆ వాక్యంలో చివరి సగం పలకడానికే మన పెద్దలకి నోరు రాదు.

ఇక విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్. ఇతనికి బ్యాటింగ్ రాదని ఎవరైనా అంటే ఒంగోలు పంపించండి. 2015లో గోవా మీద అక్కడే 308 కొట్టాడు. రంజీ ట్రోఫీలో ఒక వికెట్‌కీపర్ చేసిన తొలి ట్రిపుల్ సెంచరీ అది. 2021 ఐపీఎల్‌లో ఢిల్లీ మీద ఆఖరి బంతికి సిక్సర్ కొట్టి బెంగళూరుని గెలిపించాడు. అంటే సన్నాయి కూడా వచ్చు. అయినా ఇతని అసలు పని వికెట్ల వెనకే అని తెలిసినవాళ్లు చెబుతూనే వచ్చారు, వినేవాళ్లకి అది పొగడ్తలా వినిపించలేదు.

2021 నవంబరు, కాన్పూర్ టెస్టు, న్యూజిలాండ్ మీద. జట్టు కీపర్ సాహాకి మెడ పట్టేసింది. బదులుగా భరత్‌ని పంపారు. కాన్పూర్ పిచ్ మీద బంతి మోకాలు దాటి లేవడానికి బద్ధకిస్తుంది. అశ్విన్ బంతికి విల్ యంగ్ అంచు తగిలింది, నేలకి జానెడు ఎత్తులో భరత్ అందుకున్నాడు. అంపైర్ కాదన్నా రివ్యూ అడిగించి గెలిచాడు. తర్వాత అక్షర్ బౌలింగ్‌లో రాస్ టేలర్ క్యాచ్. అటుపైన సెంచరీకి ఐదు పరుగుల దూరంలో ఉన్న లేథమ్ స్టంపింగ్. స్కోరుకార్డు తెరిచి చూడండి, మూడుచోట్లా ముందు సబ్‌స్టిట్యూట్ అన్న ముద్ర, తర్వాత బ్రాకెట్లో అతని పేరు. అద్భుతం చేసినా బ్రాకెట్లోనే. తర్వాతి టెస్టుకి సాహా మెడ నయమైంది, భరత్ మళ్లీ బెంచి మీదికి. ఆ సాహాకీ ఏం ఒరిగింది? పట్టేసిన మెడతోనే రెండో ఇన్నింగ్స్‌లో 61 నాటౌట్ చేశాడు. 2022 మొదట్లో, ఇక నిన్ను చూడం, రిటైర్మెంట్ గురించి ఆలోచించుకో అన్నారని అతనే బయటపెట్టాడు. దేశంలో మేటి చేతులని అందరూ ఒప్పుకున్న చేతులవి. ఒప్పుకోవడానికి గడి లేదు, ముందే చెప్పాను.

పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాక 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో భరత్‌కి టెస్టు టోపీ దక్కింది. మొదటి రోజే 49 మీద ఉన్న లబుషేన్‌ని జడేజా బౌలింగ్‌లో స్టంప్ చేశాడు. అహ్మదాబాద్‌లో 44 కొట్టాడు. ఓవల్‌లో టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. ఆ తర్వాత వెస్టిండీస్‌లో గ్లవ్స్ ఇషాన్ కిషన్‌కి, దక్షిణాఫ్రికాలో కేఎల్ రాహుల్‌కి. 2024 జనవరిలో ఇంగ్లండ్ వచ్చింది. పిచ్‌లు తిరుగుతాయి, రాహుల్ ఇక్కడ కీపింగ్ చేయడని కోచ్ ద్రవిడ్ ప్రకటించాడు. 2003లో గ్లవ్స్ తొడుక్కున్న ఆ ద్రవిడే! ఇరవై ఏళ్లకైనా తెలిసింది, బంతి తిరిగేచోట కీపింగ్ కీపరే చేయాలని. తెలిసిన ఆ జ్ఞానం రెండు టెస్టుల దాకా నిలిచింది.

ఉప్పల్‌లో తొలి టెస్టు. భరత్ మొదటి ఇన్నింగ్స్‌లో 41. రెండో ఇన్నింగ్స్‌లో 231 లక్ష్యం, 119 పరుగులకే ఏడుగురు పెవిలియన్‌లో. గొప్ప సగటులున్న మహానుభావులంతా వరసగా నడిచివెళ్లాక భరత్, అశ్విన్ కలిసి 57 పరుగులు జోడించారు. చెరో 28. ఆ ఇన్నింగ్స్‌లో రోహిత్ 39 తర్వాత అవే పెద్ద స్కోర్లు. భారత్ 28 పరుగుల తేడాతో ఓడింది. రెండో టెస్టు విశాఖలో, భరత్ సొంత మైదానంలో. 17, 6. మ్యాచ్ గెలిచాం. రాజ్‌కోట్‌కి వెళ్లేసరికి గ్లవ్స్ ధ్రువ్ జురెల్ చేతికి మారాయి. ధోనీని 148తో ప్రపంచానికి చూపించిన ఊరే భరత్‌కి గుమ్మం చూపించింది. 7 టెస్టులు, 221 పరుగులు, 20.09 సగటు. చూశారా, దశాంశాలు ఎంత కచ్చితంగా ఉన్నాయో! తిరిగే పిచ్‌ల మీద అశ్విన్, జడేజా, అక్షర్ ముగ్గురికీ కూర్చున్నవాడు ఎన్ని బంతులు శుభ్రంగా పట్టాడో లెక్క మాత్రం లేదు. ఉంటే 20.09ని దాని పక్కన పెట్టి చూడాల్సి వచ్చేది, మీటింగ్ పొడుగయ్యేది.

ఈ విషయంలో ఐపీఎల్ ఎంతో నిజాయితీగల సంస్థ. వేలంలో కీపర్లని విడిగా ఒక గుంపుగా పిలుస్తారు, డబ్బు మాత్రం భుజబలానికే పెడతారు. 2024 నవంబరులో లక్నో పంత్‌కి 27 కోట్లు పెట్టింది. అందులో గ్లవ్స్ వాటా ఎంతని అడిగే అమాయకుడు ఆ హాల్లో లేడు. కనీసం ఆత్మవంచన లేదు.

మళ్లీ జురెల్ దగ్గరికొద్దాం. భరత్ కథ విని, పరుగులు చేస్తే గ్లవ్స్ నిలబడతాయని ఎవరైనా అనుకుంటారేమో, వాళ్ల కోసం. రాజ్‌కోట్ అరంగేట్రంలో 46. రాంచీలో 90, ఆ తర్వాత గెలిపించిన 39 నాటౌట్, ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్. మరో ధోనీ దొరికాడన్నారు. సెప్టెంబరులో చెన్నైలో పంత్ తిరిగొచ్చి సెంచరీ కొట్టాడు, జురెల్ బెంచి మీదికి వెళ్లాడు. నవంబరులో పెర్త్‌లో మళ్లీ పిలుపొచ్చింది, అయితే బ్యాటర్‌గా. వికెట్ల వెనక పంత్, జురెల్ వట్టి చేతులతో ఫీల్డింగ్‌లో. చేసినవి 11, 1. రోహిత్, గిల్ రాగానే అడిలైడ్‌లో చోటు పోయింది. ఈసారి నేను కిమ్మనను. బ్యాటర్‌గా పిలిచారు, పరుగులు అడిగారు, లేకపోతే పొమ్మన్నారు. మన క్రికెట్‌లో ఒక కీపర్‌కి జరిగిన న్యాయమైన ఇంటర్వ్యూ నాకు తెలిసి అదొక్కటే.